ఆ 60 అంకెను రాసింది నేనే

భీమవరానికి కొంత దూరంలో మా మావయ్యకు రొయ్యల చెరువు ఉంది. చెరువు గట్టు మీదున్న రేకుల షెడ్డులో, గోడకు బిగించిన ఇనుప పెట్టెలో, ఏరేటర్ల, అంటే నీటిని చిమ్మి గాలి కలిపే చక్రాల యంత్రాల, వేగాన్ని నియంత్రించే రాస్‌బెర్రీ పై బోర్డు అనే చిన్న కంప్యూటర్ ఒకటి ఉంది. ఆ బోర్డులోని సెట్టింగుల ఫైలులో ఒక వరుస మోటార్లకు ఇచ్చే కరెంటు గరిష్ఠ ఫ్రీక్వెన్సీకి సంబంధించినది. మొదట్లో దాని ఎదురుగా 50 అని ఉండేది. మూడేళ్ల కిందట భాద్రపద మాసంలో ఒక సాయంత్రం, ఆ షెడ్డులోనే నులక మంచం మీద కూర్చుని ఆ 50ని 60గా మార్చింది నేనే. 50 దాటిన అంకెను ఒప్పుకోకుండా డ్రైవర్ ప్రోగ్రామ్‌లో అంతకుముందు నేనే రాసిపెట్టిన తనిఖీని తీసేసింది కూడా ఆ సాయంత్రమే. అంకెను మార్చడం కంటే ఆ తనిఖీని తీసేయడమే పెద్ద తప్పని నాకు తర్వాత అర్థమైంది. నెల తిరిగేలోగా రెండు మోటార్లు కాలిపోయాయి.

పరికరాలకూ ఆపరేటింగ్ సిస్టమ్‌కూ మధ్య నిలబడి పనిచేసే డ్రైవర్లను రాయడమే నా వృత్తి. ఫలానా పరిమితిని తెరవండి, మా ఇష్టానికి వదిలేయండి అనే విన్నపాలు ఉద్యోగంలో నాకు తరచుగా వస్తుంటాయి. వాటికి ఇంతకుముందు నేను చెప్పిన జవాబులకూ, ఆ చెరువు తర్వాత చెబుతున్న జవాబులకూ చాలా తేడా ఉంది. ఆ తేడా ఎందుకు వచ్చిందో వివరంగా రాయాలని చాలా కాలంగా అనుకుంటున్నాను.

ముందుగా చెరువులో ఏం జరిగిందో చెబుతాను. రొయ్యల చెరువులో నీటిలో కరిగిన ప్రాణవాయువు, అంటే రైతులందరూ డీఓ అని పిలిచేది, పగలు నీటిలోని నాచు వల్ల పెరిగి, రాత్రంతా తగ్గుతూ వచ్చి, తెల్లవారుజామున అన్నిటికంటే తక్కువకు చేరుతుంది. వరుసగా నాలుగు రోజులు మబ్బు పట్టి ఉంటే పగలు పెరగాల్సింది పెరగదు, రాత్రి తగ్గాల్సింది మాత్రం తగ్గుతుంది. ఆ భాద్రపదంలో అదే జరిగింది. నాలుగు ఏరేటర్లు రాత్రంతా తిరుగుతున్నా, తెల్లవారుజామున మీటరు 3 పీపీఎం దగ్గర కొట్టుకుంటోంది. మావయ్య నా పక్కన నిలబడి, "ఏరా అబ్బాయ్, ఆ చక్రాలను ఇంకాస్త గట్టిగా తిప్పలేవా? ఇంకో పది కలిపితే కొంపలేమైనా మునిగిపోతాయా?" అని అడిగారు. ఆయన గొంతులో భయం ఉంది. పంట మీద పెట్టిన అప్పు ఎంతో నాకు తెలుసు. అందుకే మార్చాను.

ఆ రాత్రి చక్రాలు గట్టిగానే తిరిగాయి. నీళ్లు ఎత్తుగా చిమ్మాయి. తెల్లారేసరికి మీటరు 4 దాటింది. మావయ్య నా భుజం తట్టారు. ఏమీ కాలేదు. మర్నాడూ ఏమీ కాలేదు. పరిమితిని దాటిన మొదటి రోజున ఏమీ జరగకపోవడమే ఈ వ్యవహారంలో అన్నిటికంటే ప్రమాదకరమైన విషయమని ఇప్పుడు అనిపిస్తుంది, ఎందుకంటే ఆ తర్వాత ఆ 60ని మళ్లీ 50కి దించాలన్న ఆలోచన మా ఇద్దరిలో ఎవరికీ రాలేదు. మబ్బులు పోయాయి, ఎండ వచ్చింది, డీఓ మామూలు స్థితికి చేరింది. అంకె మాత్రం అలాగే ఉండిపోయింది.

లోపల జరిగింది ఇది. ఏరేటరు చక్రం నీటిని కొట్టేటప్పుడు దానికి కావాల్సిన శక్తి వేగంతో పాటు నేరుగా పెరగదు, రమారమి వేగం ఘనానికి అనులోమంగా పెరుగుతుంది. 50 నుంచి 60కి వెళ్లడం వేగంలో 20 శాతమే, కానీ 1.2ను మూడుసార్లు హెచ్చిస్తే 1.728 వస్తుంది. అంటే 2 హార్స్‌పవర్ మోటారు నుంచి దాదాపు మూడున్నర హార్స్‌పవర్ పని అడిగినట్టు. పైగా మోటారు వేగాన్ని మార్చే వీఎఫ్‌డీ 50 హెర్ట్జ్ వరకు వోల్టేజీని ఫ్రీక్వెన్సీతో పాటు పెంచుతూ వెళ్తుంది, అక్కడికి చేరాక ఇక పెంచడానికి లైన్లో వోల్టేజీ ఉండదు. ఆ పైన ఫ్రీక్వెన్సీ ఒక్కటే పెరుగుతుంది కాబట్టి మోటారులో అయస్కాంత క్షేత్రం పలచబడుతుంది, తిప్పే బలం తగ్గుతుంది. బలం ఎక్కువ కావాల్సిన చోటే తక్కువవుతుంది. ఆ లోటును మోటారు ఎక్కువ కరెంటు లాగి పూడ్చుకుంటుంది, ఆ కరెంటు వర్గానికి అనులోమంగా వైండింగ్‌లో వేడి పుడుతుంది. మోటారు వైండింగ్ మీద ఉండే పూత, ఎఫ్ క్లాసు అయితే, 155 డిగ్రీల వరకు తట్టుకుంటుంది. తట్టుకోగలిగే వేడికి పైన ప్రతి 10 డిగ్రీలకూ ఆ పూత ఆయుష్షు సగమవుతుందని ఇంజనీర్లు ఒక మోటు లెక్క వేసుకుంటారు.

ఆశ్వయుజంలో గాలి ఆడని ఒక రాత్రి, మూడు గంటల వేళ, చెరువు కాపలా ఉండే ఆయన నాకు ఫోన్ చేశారు. "బాబూ, రెండు ఏరేటర్లు ఆగిపోయాయండి. చెరువులోంచి కమురు వాసన వస్తోందండి" అన్నారు. నేను వెళ్లేసరికి రొయ్యలు గట్టు వారన పైకి తేలుతున్నాయి. టార్చి వెలుగులో వాటి కళ్లు ఎర్రగా మెరుస్తున్నాయి. ఆక్సిజన్ బిళ్లలు చల్లారు, డీజిల్ ఇంజను తెచ్చి నీళ్లు ఎగజిమ్మారు, తెల్లారగానే వలలు దించేశారు. 50 కౌంటు (కిలోకు 50 తూగే సైజు) దాకా పెంచుదామనుకున్న రొయ్యను 80 కౌంటులోనే పట్టాల్సి వచ్చింది. మోటార్లు విప్పినప్పుడు వైండింగ్ మీది పూత నల్లగా మాడి, గోరుతో గీకితే పెచ్చులుగా రాలింది. ఆ పెచ్చు ఒకటి చాలా రోజులు నా బల్ల మీద ఉంది.

పరిశీలిస్తే ఇంకో సంగతి బయటపడింది. ఒకే వీఎఫ్‌డీ మీద నాలుగు మోటార్లు నడుస్తున్నాయి కాబట్టి, దానిలో ఉండే ఓవర్‌లోడ్ రక్షణ మొత్తం కరెంటునే చూస్తుంది. ఏ ఒక్క మోటారు కష్టంలో ఉందో దానికి తెలియదు. అందుకే ఒక్కో మోటారుకు విడిగా, కరెంటు హద్దు దాటితే దాన్ని ఆపేసే థర్మల్ రిలే పెట్టి ఉంది. కానీ ఆ నెలలో ఒక రిలే మాటిమాటికీ ట్రిప్ అవుతోందని, ఎలక్ట్రీషియన్‌ను పిలిచి దాని డయల్‌ను చివరిదాకా తిప్పించారట. రిలే తన పని తాను చేసి, ఏదో తప్పు జరుగుతోందని చెబుతూనే ఉంది. నేను 60 పెట్టినట్టు ఆ ఎలక్ట్రీషియన్‌కు తెలియదు. ఆయన డయల్ తిప్పినట్టు నాకు తెలియదు. ఎవరికి వారు, కింద ఇంకొక రక్షణ ఉందిలే అనుకుని తమ వంతు రక్షణను తీసేశాం.

గోదావరి డెల్టాలో పుట్టిన వాళ్లకు ఈ విషయాన్ని ఏటిగట్టుతో చెబితే తేలిగ్గా అర్థమవుతుంది. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది ఇస్తారు. గట్టును మాత్రం అనుకున్న వరద మట్టానికి సరిగ్గా సమానంగా కట్టరు, దాని పైన కొంత ఎత్తు వదిలి కడతారు. ఆ ఖాళీ ఎత్తు వృథాగా పడి ఉన్న మట్టి కాదు. గాలికి లేచే అలలు, ఎలుకలు తవ్విన బొరియలు, బండ్ల చక్రాలకు అరిగిన చోట్లు, లెక్కలో దొరలిన పొరపాట్లు, వీటన్నిటికీ కలిపి దాచిన ఎత్తు అది. 1986 ఆగస్టులో 35 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు వచ్చినప్పుడు, ఆ ఎత్తు కూడా చాలక గట్లు తెగాయి. ఎండాకాలంలో గట్టు మీద నిలబడి కిందికి చూసి, ఇంత ఎత్తు ఎందుకు, ఓ రెండు అడుగులు తవ్వి మట్టి తోలుకుందామని అడిగితే, అడిగిన రోజున ఆ ప్రశ్నలో తప్పు కనిపించదు.

పరికరాల స్పెసిఫికేషన్‌లో రాసే పరిమితులు కూడా ఇలాంటివే. ఒక చిప్‌కు ఇంత వోల్టేజీ, ఇంత వేగం అని రాసినప్పుడు, తయారీలో వచ్చిన అన్ని చిప్‌లలో బలహీనమైనదాన్నీ, అది పనిచేయబోయే అతి వేడి చోటునూ, కొన్నేళ్ల వాడకం తర్వాత దాని స్థితినీ దృష్టిలో పెట్టుకుని రాస్తారు. ఎవరో చలిదేశంలో, ఏసీ గదిలో, కొత్త కార్డు మీద వేగం పెంచి బాగానే నడుస్తోందని చెప్పిన మాట, మే నెల ఉక్కపోతలో, ఉప్పుగాలి తగిలే నరసాపురం వైపు ఇంట్లో, లైను చివర వోల్టేజీ ఎగుడుదిగుడుగా వచ్చే చోట చెల్లదు. మన చోట గాలి వేడే ఆ ఖాళీ ఎత్తులో సగం తినేసి ఉంటుంది. వోల్టేజీని 10 శాతం, వేగాన్ని 10 శాతం పెంచితే చిప్ తినే శక్తి 20 శాతం పెరుగుతుందని చాలామంది అనుకుంటారు. శక్తి వోల్టేజీ వర్గానికి అనులోమంగా పెరుగుతుంది కాబట్టి అది 33 శాతం అవుతుంది.

ఇది కేవలం ఔత్సాహికులు చేసే పొరపాటు కూడా కాదు. 2023 వసంతంలో ఏఎండీ రైజెన్ 7000 వరస ప్రాసెసర్లు కొన్ని సాకెట్‌తో సహా కాలిపోయిన ఉదంతాలు బయటికి వచ్చాయి. మెమొరీ వేగం పెంచే ప్రొఫైల్‌ను ఒక్క మీటతో ఆన్ చేస్తే, మదర్‌బోర్డు దానితో పాటు ప్రాసెసర్‌లోని ఒక భాగానికి వోల్టేజీని కూడా ఎక్కువ చేసేది. చివరకు ఏఎండీ ఆ వోల్టేజీ 1.3 వోల్టులు దాటకుండా ఫర్మ్‌వేర్‌లో, అంటే బోర్డులోనే ఉండే ప్రోగ్రామ్‌లో, కట్టడి పెట్టాల్సి వచ్చింది. ఆ మీట నొక్కిన మనిషికి తాను వోల్టేజీని పెంచుతున్నానన్న సంగతే తెలియదు. 2024లో ఇంటెల్ 13, 14 తరాల డెస్క్‌టాప్ ప్రాసెసర్లు అస్థిరంగా మారినప్పుడూ కారణం అధిక వోల్టేజీయే. ఆ ఆగస్టులో ప్రాసెసర్ లోపలి సూచనలకు, అంటే మైక్రోకోడ్‌కు, సవరణ వచ్చింది, వారంటీని రెండేళ్లు పొడిగించారు, కానీ అప్పటికే అరిగిపోయిన ప్రాసెసర్‌ను ఏ సవరణా తిరిగి కొత్తదిగా చేయలేదు.

డ్రైవర్ రాసేవాళ్లు ఈ బాధ్యతను ఎంత శ్రద్ధగా తీసుకోవచ్చో నాకు నేర్పింది అసాహి లినక్స్ వాళ్ల స్పీకర్ల పని. ఆపిల్ సొంత చిప్‌లున్న మ్యాక్‌బుక్‌ల మీద లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌ను నడిపించే ఆ బృందం, మిగిలినవి చాలావరకు పనిచేస్తున్నా స్పీకర్లను మాత్రం చాలా కాలం ఆపేసి ఉంచింది. ఎందుకంటే ఆ యంత్రాల్లో చిన్న స్పీకర్లకు అవి ఎడతెగకుండా తట్టుకోగలిగిన దానికంటే చాలా ఎక్కువ శక్తిని ఇవ్వగల యాంప్లిఫయర్లు ఉంటాయి. పాటలో ఒక్క క్షణం వచ్చే దెబ్బకు ఆ శక్తి కావాలి. అదే శక్తిని ఆగకుండా ఇస్తే, స్పీకర్ లోపల వెంట్రుక లాంటి తీగతో చుట్టిన కాయిల్ క్షణాల్లో కాలిపోతుంది. కాబట్టి ఒకే అంకె దగ్గర గరిష్ఠాన్ని కట్టేస్తే శబ్దం బొత్తిగా చాలదు, వదిలేస్తే స్పీకర్ పోతుంది.

వాళ్లు చేసినదేమిటంటే, యాంప్లిఫయర్లు తిరిగి చెప్పే వోల్టేజీ, కరెంటు కొలతలను ఎప్పటికప్పుడు చదువుతూ, కాయిల్ ఎంత వేడెక్కి ఉంటుందో లెక్కగట్టి, అవసరమైనప్పుడు శబ్దాన్ని తగ్గించే ఒక ప్రోగ్రామ్ రాశారు. స్పీకర్‌సేఫ్టీడీ అని దాని పేరు. నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది మాత్రం ఆ ప్రోగ్రామ్ కాదు, దాని వెనక, ఆపరేటింగ్ సిస్టమ్‌కు మూలమైన కెర్నెల్‌లోని డ్రైవర్‌లో పెట్టిన ఏర్పాటు. ఆ ప్రోగ్రామ్ ఏ కారణం చేతనైనా ఆగిపోతే, డ్రైవర్ తనంతట తానుగా శబ్దాన్ని ఏ ప్రమాదమూ లేని తక్కువ స్థాయికి దించేస్తుంది. కాపలాదారు మేలుకుని ఉన్నాడన్న రుజువు అందుతున్నంత సేపే గేటు తెరిచి ఉంటుంది. 2023 చివర్లో ఒక్కో మోడల్‌కూ కొలతలు సరిచూసుకున్నాకనే స్పీకర్లను వాడకానికి విడుదల చేస్తూ వచ్చారు. ఈ లోగా ఎంతమంది అడిగి ఉంటారో, స్పీకర్ నాది, కాలితే నాదే కాలుతుంది అని ఎంతమంది విసుక్కుని ఉంటారో నేను ఊహించగలను.

కాలితే నాదే కాలుతుంది అన్న ఆ మాట గురించి నాకు గట్టి అభిప్రాయం ఉంది. అది చాలాసార్లు నిజం కాదు. మా ఊళ్లో కాలువ తూము దగ్గర చిన్నప్పుడు చూసిన తగాదాలు గుర్తొస్తాయి. పైన ఉన్న రైతు రాత్రిపూట తూమును కొంచెం పెద్దది చేస్తే, అతని చేను పచ్చగానే ఉంటుంది. ఎండేది శివారు చేను. తూము తెరిచినవాడికి ఆ ఎండిన చేను కనిపించదు, అది మూడు మైళ్ల అవతల ఉంటుంది. చెరువు విషయంలో 60 పెట్టింది నేను, నష్టపోయింది మావయ్య, అర్ధరాత్రి నీళ్లలో దిగి కాలిన మోటారు విప్పింది కాపలా ఆయన.

నాకు బాగా దగ్గరగా తెలిసిన ఇంకో సంఘటన ఉంది. పాలకొల్లు వైపు ఒక ఫోటో స్టూడియో నడిపే అబ్బాయి, పెళ్లి వీడియోలు త్వరగా తయారవుతాయని, తన కంప్యూటర్‌లో మెమొరీ వేగాన్ని దాని మీద రాసి ఉన్నదానికంటే బాగా పెంచాడు. కంప్యూటర్ మామూలుగానే ఆన్ అయింది, ఎక్కడా ఆగలేదు, ఏ హెచ్చరికా ఇవ్వలేదు. నాలుగు నెలల తర్వాత ఒక పెళ్లి ఆల్బమ్ అచ్చుకు పంపే ముందు నాకు కబురు పెట్టాడు. వెళ్లి చూస్తే, స్క్రీన్ మీద జీలకర్ర బెల్లం ఘట్టం ఫోటో ఉంది. పెళ్లికూతురి నుదురు వరకు బాగానే ఉంది, అక్కడి నుంచి కింద అంతా బూడిదరంగు. పక్క ఫోటోలో తెరసెల్లా సగం దగ్గర నుంచి రంగులు పక్కకు జరిగి గులాబీ రంగు చారలైపోయింది. అలాంటివి ఆ ఫోల్డర్‌లో 30కి పైగా ఉన్నాయి. కెమెరా కార్డు నుంచి కాపీ చేసేటప్పుడు మెమొరీలో ఎక్కడో ఒక్క బిట్ తారుమారైతే, కుదించిన ఫోటోలో అక్కడి నుంచి కింది భాగమంతా అర్థం లేనిదైపోతుంది. కార్డును ఆ వారమే తుడిచేసి ఇంకో పెళ్లికి వాడేశారు. ఆ పెళ్లివారి ఇంటికి వెళ్లి విషయం చెప్పడానికి అతనితో పాటు నేనూ వెళ్లాను. పెళ్లికూతురి తల్లి ఏమీ అనలేదు, ఆ ఫోటోను ఒకసారి పెద్దది చేసి చూపించమని మాత్రం అడిగారు.

కాలిన మోటారు కనీసం వాసన వేస్తుంది. హద్దు దాటిన మెమొరీ, ప్రాసెసర్ తప్పు లెక్క చెప్పి ఊరుకుంటాయి. ఆ తప్పు లెక్క ఫోటోలో పడుతుందో, బ్యాంకు ఖాతా ఫైలులో పడుతుందో, బ్యాకప్‌లో పడుతుందో ఎవరూ చెప్పలేరు. దీన్ని ఆయుధంగా కూడా మార్చవచ్చని 2019 డిసెంబరులో బయటపెట్టిన ప్లండర్‌వోల్ట్ దాడి నిరూపించింది. ఇంటెల్ ప్రాసెసర్లలో వోల్టేజీని సాఫ్ట్‌వేర్ నుంచి తగ్గించుకునే వీలు ఉండేది. లాప్‌టాప్ చల్లగా ఉండాలని చాలామంది దాన్ని వాడేవారు. పరిశోధకులు అదే వీలును పట్టుకుని, సరిగ్గా గుణకారం జరిగే సమయంలో వోల్టేజీని తగ్గించి, ప్రాసెసర్ చేత తప్పు లెక్క చేయించి, ప్రాసెసర్‌లో అత్యంత భద్రంగా ఉంటుందనుకున్న ఎస్‌జీఎక్స్ అనే అరలోని రహస్య తాళంచెవులను బయటికి లాగగలిగారు. ఇంటెల్ ఆ వీలును మూసేసే సవరణలు ఇచ్చింది, దానితో నిజాయితీగా వాడుకుంటున్నవాళ్లు కూడా దాన్ని పోగొట్టుకున్నారు. పరిమితి పైవైపే కాదు, కిందివైపు కూడా హద్దే.

అలాగని అన్ని తలుపులకూ తాళాలు వేయమని నేను వాదించడం లేదు. కొనుక్కున్న వస్తువు మీద మనిషికి హక్కు ఉంది, ఆ హక్కును డ్రైవర్ రాసేవాళ్లు చులకన చేసిన సందర్భాలూ ఉన్నాయి. 2015 మొదట్లో ఎన్‌విడియా తన లాప్‌టాప్ గ్రాఫిక్స్ చిప్‌లకు వేగం పెంచుకునే వీలును ఒక కొత్త డ్రైవర్‌తో తీసేసింది. అప్పటిదాకా వాడుకుంటున్నవాళ్లు తీవ్రంగా నిరసించాక తర్వాతి డ్రైవర్‌లో తిరిగి ఇచ్చింది. వేడి సమస్య నిజమైనదే కావచ్చు, కానీ ఉన్న వీలును నవీకరణ మాటున తీసేసి, అడిగాక కారణం చెప్పడం సరైన పద్ధతి కాదు. 2024 జనవరిలో వచ్చిన లినక్స్ 6.7 కెర్నెల్‌లో ఏఎండీ గ్రాఫిక్స్ డ్రైవర్, కార్డు తయారీదారు పెట్టిన కనిష్ఠ విద్యుత్ పరిమితి కంటే కిందికి దించనివ్వకుండా మారినప్పుడూ అలాంటి బాధే వ్యక్తమైంది. కరెంటు ఆదా కోసం, ఇన్వర్టర్ మీద ఇంకాస్త సేపు నడవడం కోసం తగ్గించుకునేవాళ్ల కష్టం నాకు అర్థమవుతుంది, మా ఇంట్లో కూడా వేసవిలో ఇన్వర్టరే దిక్కు. అయినా, ఎవరూ పరీక్షించని ప్రాంతంలోకి తెలియకుండా అడుగుపెట్టనివ్వడం కంటే ఆ డ్రైవర్ చేసినదే సబబని నా అభిప్రాయం. ముందే అందరికీ అర్థమయ్యేలా చెప్పి ఉంటే బాగుండేది.

ఈ రెండిటి మధ్య ఒక దారిని 2012 సెప్టెంబరులోనే రాస్‌బెర్రీ పై వాళ్లు చూపించారు. 700 మెగాహెర్ట్జ్‌తో నడిచే బోర్డుకు 1 గిగాహెర్ట్జ్ దాకా పెంచుకునే టర్బో మోడ్ ఇచ్చారు, వారంటీకి భంగం లేదన్నారు. పని ఎక్కువైనప్పుడే వేగం పెరుగుతుంది, చిప్ 85 డిగ్రీలకు చేరితే మళ్లీ తగ్గిపోతుంది. ఆ కాపలా అక్కర్లేదని, వోల్టేజీని బలవంతంగా పెంచి ఎప్పుడూ టర్బోలోనే ఉంచుతానని ఎవరైనా పట్టుబడితే దానికీ దారి ఉంది, కానీ ఆ దారిలో అడుగుపెట్టిన క్షణాన చిప్ లోపల ఒక బిట్ శాశ్వతంగా కాలిపోయి గుర్తుగా మిగులుతుంది. ఇక దాన్ని ఎవరూ చెరపలేరు. లినక్స్ కెర్నెల్‌కు కూడా ఇలాంటి అలవాటు ఒకటి ఉంది. స్పెసిఫికేషన్ దాటిన యంత్రం మీద నడుస్తున్నట్టు గుర్తిస్తే అది తన మీద తానే ఎస్ అనే అక్షరంతో ఒక మరక గుర్తు వేసుకుంటుంది. రేపు ఆ యంత్రం కుప్పకూలి, ఎవరో డెవలపర్ రెండు రాత్రులు కూర్చుని కారణం వెతుకుతుంటే, ఆ గుర్తు అతనికి నిజం చెబుతుంది. వాడిన కంప్యూటర్లు కొనేవాళ్లు, బాగుచేసేవాళ్లు, తప్పు ఎక్కడుందో వెతికేవాళ్లు అందరూ ఈ లెక్కలో శివారు రైతులే. వాళ్లకు కనీసం తూము ఎప్పుడు తెరిచారో తెలియాలి.

రెండు మోటార్లూ రీవైండింగ్ చేయించాక నేను ఆ డ్రైవర్‌ను మొదటి నుంచి తిరిగి రాశాను. వైండింగ్ చుట్టేటప్పుడే లోపల వేడిని కొలిచే థర్మిస్టర్లు పెట్టించాం. ఒక్కో మోటారుకు విడిగా కరెంటు కొలిచే సీటీలు బిగించాం. రిలే డయళ్లను నేమ్‌ప్లేట్ మీదున్న 3.4 ఆంపియర్ల దగ్గర పెట్టి, కదిపితే తెలిసేలా వాటి మీద ఎర్ర పెయింటు చుక్క వేయించాం. 50 అనే అంకె ఇప్పుడు సెట్టింగుల ఫైలులో లేదు. వీఎఫ్‌డీలోనే గరిష్ఠాన్ని 52 దగ్గర పెట్టి సంకేతపదంతో కట్టేశాను, కాబట్టి నా ప్రోగ్రామ్‌లో తప్పు దొర్లినా అంతకు మించి వెళ్లదు. మామూలుగా 50 వద్దే నడుస్తుంది. మబ్బు రాత్రుల కోసం ఒక మీట పెట్టాను. నొక్కితే 52కి వెళ్తుంది, అంటే మోటారు మీద భారం పన్నెండున్నర శాతం పెరుగుతుంది. నాలుగు మోటార్ల కరెంటూ, వేడీ హద్దులో ఉన్నంత వరకే, అది కూడా రెండు గంటలే. ఆ తర్వాత తనంతట తానే 50కి వస్తుంది. బోర్డును ఆపి మళ్లీ ఆన్ చేసినా 50 దగ్గరే మొదలవుతుంది. కొలతలు 10 సెకన్ల పాటు అందకపోతే 45కి దిగిపోతుంది. ఆ చివరి ఏర్పాటు అసాహి వాళ్ల దగ్గర నేర్చుకున్నదే. మీట ఎప్పుడు నొక్కారో, ఎందుకు ఆగిందో తేదీతో సహా నమోదవుతుంది. 60 మళ్లీ కావాలంటే జవాబు ఐదో ఏరేటరు కొనడమేనని మావయ్యకు చెప్పాను. ఆయన ఆ మర్నాడే కొన్నారు.

పోయిన నెలలో మూడు రోజులు ముసురు పట్టింది. రెండో రాత్రి ఒంటిగంటకు మావయ్య మీట నొక్కారట. గంటా ఇరవై నిమిషాల తర్వాత నాకు ఫోన్ చేసి, "ఒరేయ్, మూడోది 3.4 తాకిందని చెప్పి అన్నిటినీ 50కి లాగేసింది. మిగతావి 3 దగ్గరే ఉన్నాయి. ఏమైందో చూడు" అన్నారు. తెల్లారాక పడవ వేసుకుని వెళ్లి చూశాం. మూడో ఏరేటరు ఇరుసుకు మూరెడు నైలాన్ వల ముక్క గట్టిగా చుట్టుకుని ఉంది. కాపలా ఆయన కొడవలితో కోసి తీశారు. మళ్లీ ఆన్ చేస్తే మూడోది కూడా 2.9 చూపించింది.